డెన్నీ ప్రాగర్ హెల్మెట్

కాన్సాస్ గోధుమ పొలాల మధ్య ఉన్న టాల్‌మన్ విశ్వవిద్యాలయంలో వెల్డా క్రౌజ్ ముప్పై నాలుగేళ్లు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బట్టలు ఉతికింది. అంత చిన్నచోట ఉతికే మనిషే చిరుగులు కుట్టాలి, హెల్మెట్లకు రంగు వేయాలి. 1953లో చేరేనాటికి ఆమెకు ఆ ఆటలో ఓనమాలు తెలియవు. ధాన్యం గిడ్డంగిలో తలకు దెబ్బ తగిలి భర్త పోయాడు. పని కావలసివచ్చింది, ఇది దొరికింది.

ఆ జట్టుది గొప్పగా చెప్పుకునే చరిత్రేం కాదు. 1911లో పదమూడుమంది రైతుబిడ్డలు ఇంట్లో అల్లిన స్వెట్టర్లు తొడుక్కుని మొదలుపెట్టారు. యుద్ధకాలంలో ఆడేవాళ్లు లేక మైదానంలో జొన్న వేశారు. తర్వాత ఒక దశలో వరసగా ఇరవై ఆరు ఆటలు ఓడారు. లీగ్ కప్పు ఎన్నడూ రాలేదు.

1978లో వచ్చేలా కనిపించింది. కారణం డెన్నీ ప్రాగర్. బంతిని యాభై గజాల అవతల ఉన్నవాడి చేతుల్లో పడేలా విసిరేవాడు. తల మరీ పెద్దది. అతనికి పట్టే హెల్మెట్ ఒక్కటే ఉండేది, అదీ వెల్డా ప్రత్యేకంగా తెప్పించినది.

కప్పు ఎవరిదో తేల్చే ఆఖరి ఆట శనివారం. మంగళవారం సాధనలో డెన్నీ తల నేలకు గట్టిగా కొట్టుకుంది. లేచి నవ్వేసి మళ్లీ ఆడాడు. గురువారం మధ్యాహ్నం వెల్డా దగ్గరికి వచ్చాడు.

“మిస్సెస్ క్రౌజ్, నా చొక్కా ఇస్తారా?”

“ఇప్పుడేగా ఇచ్చాను! నీ భుజం మీదున్నదేంటి మరి?”

అతను భుజం తడుముకున్నాడు. “అవును కదా... ఆ లైటు కాస్త ఆర్పరూ, కళ్లలో పొడుస్తోంది.”

“ఏమన్నా తిన్నావా అబ్బాయ్?”

“తిన్నది నిలవట్లేదండీ. కోచ్‌కి చెప్పకండి, మీకు పుణ్యముంటుంది.”

వెల్డా భర్త కూడా దెబ్బ తగిలాక రెండు రోజులు మామూలుగానే తిరిగాడు. అడిగిందే మళ్లీ అడిగేవాడు. మూడోరోజు లేవలేదు. డెన్నీ వెళ్లగానే ఆమె అతని హెల్మెట్‌ను బీరువాలో పెట్టి తాళం వేసింది.

శనివారం ఉదయం కోచ్ లిండ్‌క్విస్ట్ వచ్చాడు.

“తాళంచెవి ఇవ్వు వెల్డా.”

“డాక్టరు చీటీ తెమ్మనండి, ఇస్తాను.”

“ఆయన ఫెజెంట్ పిట్టల వేటకి పోయాడు, రేపటిదాకా రాడు. ఆట రెండింటికి!”

“అయితే సోమవారం ఆడుకోండి.”

“వేళాకోళాలొద్దు. కుర్రాడు బాగానే ఉన్నానంటున్నాడు.”

“మా ఆయనా అదే అన్నాడు, కోచ్.”

“నీ పని బట్టలు ఉతకడం. జట్టు నడపడం నా పని.”

“నిజమే. బీరువా మాత్రం నాది. కావాలంటే గొడ్డలి తెచ్చి పగలగొట్టుకోండి, నేనేం అడ్డురాను.”

పక్క గదిలోనే గొడ్డలి ఉంది. లిండ్‌క్విస్ట్ బీరువా వైపు చూసి వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లిపోయాడో తర్వాత కూడా ఎవరికీ చెప్పలేదు.

డెన్నీ లేకుండా ఆడిన జట్టు, అవతలివాళ్ల ఇరవై పాయింట్లకు ఆరే చేసి ఓడింది. ఆదివారం చర్చి భోజనాల్లో వెల్డా తెచ్చిన నూడుల్స్ గిన్నెలో ఎవరూ గరిటె పెట్టలేదు. కిరాణా కొట్టతను అందరి ముందూ అడిగాడు: “ఏం వెల్డా, కప్పు కూడా బీరువాలో పెట్టేశావా?” ఆమె తన గిన్నె తీసుకుని లేచింది. ఇంటికి వెళ్లి కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడింది. తప్పు చేశానేమో అని మొదటిసారి అనిపించింది.

సోమవారం డెన్నీని తల్లి విచిటా నగరంలోని ఆసుపత్రికి తీసుకెళ్లింది. పుర్రె లోపల కాస్త రక్తం కారిందని, కోత అక్కర్లేదుగానీ ఇక ఆట మానేయాలని అక్కడి డాక్టర్లు చెప్పారు. ఆ శనివారం ఆడి ఉంటే ఏమయ్యేదో వాళ్లూ చెప్పలేదు. డెన్నీ మాత్రం తనకున్న ఒక్క అవకాశాన్నీ ఆమె లాగేసుకుందనే నమ్మాడు. తర్వాత వ్యవసాయంలో స్థిరపడ్డాడు, పిల్లలు పుట్టారు. వీధిలో వెల్డా ఎదురైతే అవతలి పక్కకి దాటేవాడు.

“ఆ వయసులో నేనైనా అంతే చేసేదాన్ని,” అని ఆమె చెల్లెలితో అంది.

తలకు దెబ్బ తగిలినవాడికి డాక్టరు సంతకం లేకుండా హెల్మెట్ ఇవ్వకూడదని 1980లో విశ్వవిద్యాలయం నియమం పెట్టింది. అందులో ఆమె పేరు లేదు.

కప్పు 1986లో వచ్చింది. ఆరోజు పొద్దుటినుంచీ వాన. బురద కొట్టుకున్న నలభై నాలుగు జతలు రాబోతున్నాయని వెల్డా ఉతికే గదిలోనే ఉండిపోయింది. బయట కేకలు వినబడగానే యంత్రాలకు వేడినీళ్లు తిప్పింది. మరుసటి ఏడు ఉద్యోగం మానేసింది.