గేము పాట విని చెప్పుడు

నేను వనపర్తిల ఒక మందుల షాపుల పనిచేస్త. పొద్దున షట్టరు లేపినప్పటి నుంచి డాక్టర్ల చీటీలు చదువుడు, మందులు తీసిచ్చుడు, ఏ గోళి తినకముందు ఏసుకోవాలె, ఏది తిన్నంక ఏసుకోవాలె అని చెప్పుడు. ఇది కాక నాకు ఇంకో పని ఉన్నది. వీడియో గేములల్ల వచ్చే సంగీతాన్ని తీసుకొని నా తీరుగ మళ్ల కడ్త. వేరేటోళ్లు కట్టినవి విని ఎట్లున్నయో రాస్త. రీమిక్స్ అంటరు దీన్ని. మా ఇంట్ల మాత్రం 'దాని కంప్యూటర్ పాటలు' అంటరు. కట్టుడుల నాకంటె మొనగాళ్లు చానమంది ఉన్నరు. విని చెప్పుడుల మాత్రం నేను మంచిదాన్నే. ఆ మాట చెప్పుకోనీకి నాకు సిగ్గు లేదు.

ఇది ఎట్ల మొదలైందంటె, మా అన్న నాయనతోని బొంబాయి దిక్కు కట్టడం పనికి పోయేటోడు. ఒక ఎండకాలం ఇంటికొచ్చేటప్పుడు అక్కడి పాత సామాన్ల బజార్ల కొన్న గేము డబ్బా తెచ్చిండు, టీవీకి తగిలించి ఆడేది. దాంతోని వచ్చిన గేములల్ల ఒక్కటే నడిచేది. చిన్న కత్తి పట్టుకున్న మనిషి ఎడారి దాటి, గుహ దాటి, కోటకు పోయి రాక్షసునితోని కొట్లాడాలె. అన్నకు దుంకుడు, కొట్టుడు ఇష్టం. నా వంతు వచ్చినప్పుడు నేను ఆ మనిషిని గుహల నిలబెట్టి ఊకె కూసునేదాన్ని. ఎందుకంటె గుహల ఒక పాట వచ్చేది. చిన్నదే, తిరిగి తిరిగి అదే వచ్చేది, కాని ఎన్నిసార్లు విన్నా తనివి తీరకపోయేది. ఆడరాకపోతె ఇటియ్యి అని అన్న కొట్లాడేటోడు.

మా చర్చిల కీబోర్డు వాయించేది నేనే. ఆదివారం ప్రార్థన అయిపోయి అందరు బయటికి పోతున్నప్పుడు, ఆ గుహ పాటను మెట్టు మెట్టు ఎతుక్కుంట వాయించేదాన్ని. ఒకసారి పాస్టరమ్మ ఆగి, ఇది మన పుస్తకంల ఎన్నో పాట అని అడిగింది. పుస్తకంల లేదమ్మా అన్న. ఆమె జరసేపు విని, మంచిగున్నది గాని జర నిమ్మళంగ వాయించు, ముసలోళ్లు మెట్లు దిగుతున్నరు అన్నది. నేను నిమ్మళంగ వాయించిన. అట్ల వాయిస్తె ఆ పాట ఇంకో పాట అయింది. అప్పటిదాక గేముల అది ఉరికిచ్చే పాట, ఇప్పుడు అది ఇంటికి పోయే పాట. ఒక పాటల ఇంకో పాట దాగి ఉంటదని నాకు ఆ రోజు తెలిసింది. రీమిక్స్ అనే మాట తెలిసింది చాన ఏండ్ల తర్వాత.

ఫార్మసీ చదువు అయినంక లాప్‌టాప్ కొనుక్కున్న. వీడియోలు చూసి పాట కట్టే సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న. ఇసొంటి పిచ్చి ఉన్నోళ్ల గ్రూపు ఒకటి ఫోన్ల దొరికింది. తెలుగోళ్లే ఎక్కువ, కర్ణాటకోళ్లు కొందరు. ఆ గ్రూపుకు ఒక నియమం ఉన్నది. నీ పాట పెట్టాలంటె ముందు వేరేటోళ్ల పాటల మీద నీ అభిప్రాయం రాయాలె. ఊకె 'సూపర్' అని రాస్తె లెక్కకు రాదు.

నేను పెట్టిన మొదటి పాట ఆ గుహ పాటే. దాంట్ల ఏసినయి అన్నీ ఇన్నీ కావు. వేణువు, వీణ, గంటలు, మనుషుల గొంతులు, వాన సప్పుడు. అందరు మెచ్చుకున్నరు. రాయచూరుల సంగీతం చెప్పే ఒక పెద్దామె మాత్రం పొడుగు మెసేజ్ పెట్టింది. ఏది ఎక్కడ బాగుందో రాసి, ఆఖరికి ఇట్ల రాసింది: "అన్నీ మంచిగున్నయమ్మా. కాని అన్నీ ఒక్కసారే మాట్లాడుతున్నయి. స్వల్ప జాగ బిడు." కొంచెం జాగ ఇడిచిపెట్టు అని ఆమె కన్నడంల చెప్పిన మాట. నేను ఆ వారం కూసొని వాన తీసేసిన, గంటలు తీసేసిన, వీణ తీసేసిన. తీసేసినకొద్ది పాట పైకి లేచింది. ఎవరన్న మనసు పెట్టి విని, ఎక్కడ ఏమైతుందో చెప్తె ఎంత మేలు జరుగుతదో నాకు అప్పుడు అర్థమైంది. ఆమె నాకు చేసిన పని నేను ఇంకొకరికి చేయాలె అనుకున్న.

అప్పటికెల్లి నా పద్ధతి ఒక్కటే. ముందు మిద్దె మీద కూసొని హెడ్‌ఫోన్లు పెట్టుకొని వింట. తర్వాత అమ్మ జొన్నరొట్టెలు చేస్తుంటె ఆమె ఫోన్ల పెట్టి పొయ్యి కాడ వింట. రొట్టె తట్టే సప్పుడుల కూడ పాట చెవికి అందిందంటె దాని ఎముక గట్టిదన్నట్టు. ఆ తర్వాతనే రాస్త. ఎన్నో నిమిషంల ఏం విన్ననో, నేనైతె అక్కడ ఏం చేస్తనో. మొదట్ల కొందరికి కోపం వచ్చేది. ఒకాయన గ్రూపే ఇడిచిపెట్టి పోయిండు, నెల తిరగకముందె మళ్ల వచ్చిండు, నేను చెప్పినట్టు మార్చిన పాటతోని. రానురాను పాట పెట్టినోళ్లు, అక్క విన్నదా, ఏమన్నది అని అడుగుడు మొదలైంది.

పోయిన ఏడాది, దసరా అయినంక, నాగర్‌కర్నూల్ నుంచి ఒకాయన పాట పెట్టిండు. పెండ్లిళ్లకు డీజే బాక్సులు పెట్టే మనిషి. నేను చిన్నప్పుడు ఆడిన ఆ గేముదే, కోటల రాక్షసునితోని కొట్లాడే పాట. దాన్ని పెండ్లి ఊరేగింపుల ఎగిరే బరాత్ పాటగ చేసిండు. డప్పులు, పెద్ద బేసు, నడిమిట్ల ఈలలు. గ్రూపంత ఎగిరి గంతేసింది. నేను రెండు దినాలు విని రాసిన.

"అన్నా, మొదలు చాన మంచిగున్నది. కోట తలుపు తెరుచుకునే సప్పుడు మీద బీటు ఎక్కించిన తీరు నాకైతె తోచకపోవు. కాని నడిమిట్ల బేసు కింద గేము పాట మునిగిపోయింది. రాక్షసుడు ఎదురొస్తె గుండె దడదడ అనాలె, అది లేదు. ఇగ డప్పు సంగతి. మంట కాడ కాపిన డప్పు మొదట గట్టిగ పలుకుతది, కొట్టంగ కొట్టంగ సల్లబడి గొంతు దిగుతది. మనిషి నడుసుకుంట కొడ్తె దెబ్బ జర ముందుకు, జర ఎనకకు పోతది. మీ దాంట్ల మొదటి దెబ్బ, ఆఖరి దెబ్బ ఒక్క తీరుగనే ఉన్నయి. అది కంప్యూటర్ డప్పు."

ఆయన జవాబు ఆ సాయంత్రమే వచ్చింది. మేడం, మీరు దేంట్ల విన్నరు అని అడిగిండు. హెడ్‌ఫోన్ల, ఫోన్ల అని చెప్పిన. నా పాట ఫోన్ల కోసం కట్టలేదు, నాగర్‌కర్నూల్ వచ్చి నా బాక్సుల మీద వినుండ్రి, అప్పుడు కూడ గదే మాటంటె ఒప్పుకుంట అన్నడు. మాట కటువుగనే ఉన్నది, కాని దాంట్ల న్యాయం ఉన్నది. పాట ఏ జాగ కోసం కట్టిండ్రో ఆ జాగలనే వినాలె.

మా వదినె తల్లిగారిల్లు నాగర్‌కర్నూలే. ఆమె పోయే ఆదివారం నేను కూడ బస్సెక్కిన. వదినెను ఎంబడి తీసుకొని పోయేసరికి, ఊరి బయట ఒక ఫంక్షన్ హాలు ముందట ఆయన బాక్సులు దించుతుండు. నా ఈడు మనిషే, గడ్డం, మెడల హెడ్‌ఫోన్లు. మాకు కుర్చీలు ఏయించి, చాయ్ తెప్పించి పాట పెట్టిండు. బేసు మొదలయ్యేసరికి కుర్చీ కాళ్లు వణికినయి, వదినె చాయ్ గ్లాసు రెండు చేతులతోని పట్టుకున్నది. నా ఫోన్ల గుడగుడ అనే సప్పుడు ఇక్కడ రాక్షసుని అడుగు లెక్క వినబడ్డది. పాట అయిపోయినంక నేను, అన్నా, ఈ బేసు ఇట్లనే ఉండనియ్యి, దీన్ని ముట్టకు అన్న. ఆయన మొకం ఎలిగింది.

అప్పుడు హాలుకు లైట్లు కడ్తున్న మనుషులను పిలిచి, ఇప్పుడు విన్న పాట జర కూనిరాగం తీయుండ్రి అని అడిగిన. ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. ఒకాయన చెయ్యి ఊపుకుంట 'ధుం ధుం' అన్నడు. ఇంకొకాయన కూడ గదే అన్నడు. పాట ఎవరికీ రాలేదు.

డీజే అన్న తనే నడిమి ముక్క ఒక్కటే మళ్ల పెట్టిండు, కండ్లు మూసుకొని విన్నడు.

"నిజమే అక్కా," అన్నడు. "నాకు పాట ముందే తెల్సు కాబట్టి నాకు వినబడుతుంది. తెల్వనోళ్లకు వినబడదు."

మేడం నుంచి అక్క అయిన అట్ల. పని కూడ అక్కడనే కుదిరింది. పాటను ఇద్దరం కలిసి మళ్ల కట్టాలె, డప్పు నిజం డప్పు ఉండాలె. పెద్దమందడిల మా మామ ఉన్నడు, అమ్మ తమ్ముడు. డప్పు కొట్టుడుల ఆయన పేరున్నోడు. ఫోన్ చేసి చెప్పిన. ఎవరి పెండ్లి అన్నడు. పెండ్లి కాదు మామా, గేము పాట అన్న. పాట పంపియ్యి, వినకుండ ఎట్ల కొడ్త అన్నడు. పంపించిన. వారం దినాలు పొలంల కూడ అదే పెట్టుకొని తిరిగిండని అత్త చెప్పింది.

మేము పోయిన రోజు మామ గడ్డి మంట పెట్టి డప్పు కాపుతుండు. డీజే అన్న మైకు నిలబెట్టి, మామ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, టిక్కు టిక్కు అని తాళం ఇనిపించి, దీని మీద కొట్టు మామా అన్నడు. మామ కొట్టిండు గాని దెబ్బల పాణం లేదు. నిలబడి కొడ్తుండు కదా. నేను ఆ హెడ్‌ఫోన్లు తీసేయించి, నువ్వు నడువు మామా, మేము నీ ఎంబడి వస్తం అన్న. మామ వాకిట్లకెల్లి సందుల పడి నడిచిండు. మైకు పట్టుకొని నేను పక్కకు, వైర్లు పట్టుకొని డీజే అన్న ఎనక. కుక్కలు మొరిగినయి, మేకలు అడ్డం ఉరికినయి, ఇండ్లల్ల నుంచి మనుషులొచ్చి ఏంది, ఎవరింట్ల ఏమైంది అని పరేషాన్ అయిండ్రు. ఏం కాలేదు, రికార్డింగ్ అని అత్త అందరికీ చెప్పుకుంట వచ్చింది. మామ తిరిగి వాకిట్లకు వచ్చేటప్పటికి డప్పు గొంతు దిగింది, నాకు కావాల్సినట్టు. ఒక్క మేక అరుపు తీయరాలేదు. అది ఇప్పటికీ పాటల ఉన్నది.

ఆ తర్వాత కొట్లాట మొదలైంది. ఫైలు ఆయన పంపుడు, నేను విని రాసుడు, ఆయన మార్చుడు, నేను మార్చుడు. రాక్షసుడు పడిపోయేముందు అన్ని సప్పుళ్లు ఆగిపోవాలె అని నేను. ఆగద్దని ఆయన.

"అక్కా, బరాత్‌ల సప్పుడు ఆగిందంటె జనరేటర్ పోయిందనుకుంటరు. పెండ్లికొడుకు నాయన నా మీదికి వస్తడు."

ఆయన చెప్పింది కూడ ఉన్న మాటే. నాకు మాత్రం ఆ ఖాళీ కావాలె. ఆఖరికి అన్నీ ఆపి, మామ డప్పు ఒక్కటే ఉంచినం. డప్పు నడుస్తుంటె పాట ఆగలేదని తెలుస్తది, మిగతా అంత ఆగింది కాబట్టి గుండె దడదడ అంటది. ఆ ముక్క కుదిరిన రోజు ఆయన ఫోన్ చేసి, ఇది మనం గెలిచినం అక్కా అన్నడు. నాకు కూడ అట్లనే అనిపించింది.

గద్వాలల ఒక పెండ్లి ఒప్పుకున్న, అక్కడ పెడ్త, రా అన్నడు. షాపుల సగం దినం సెలవు పెట్టి బస్సెక్కిన. పెబ్బేరు కాడ సంత దినం. ఎడ్లను తోలుకపోయేటోళ్లతోని, బండ్లతోని రోడ్డు నిండి బస్సు నిలబడ్డది. నేను దిగేసరికి బరాత్ బజారు దాకా వచ్చింది, పొద్దు ఇంకా ఉన్నది. పాట పెట్టిండు. కోట తలుపు తెరుచుకున్నది, బేసు అడుగు ఏసింది, గేము పాట దాని మీద నిలబడ్డది. జనం ఎగురుతున్నరు. ఖాళీ వచ్చింది. మామ డప్పు ఒక్కటే.

నేను జనం మొకాలు చూసిన. ఎగిరేటోళ్లు ఆగి, చేతులు పైకి లేపి, దేనికోసమో చూస్తున్నట్టు నిలబడ్డరు. పట్టుచీరె కట్టుకున్న ఒక ముసలవ్వ, పెండ్లికొడుకు నాయనమ్మ అంట, ఆ డప్పుకు ఒక్కతే అడుగేసింది. నిమ్మళంగ, నడుము మీద చెయ్యి పెట్టుకొని. ఆమె చుట్టు జాగ చేసిండ్రు. మళ్ల అన్ని సప్పుళ్లు కలిసి వచ్చేసరికి బజారంత ఊగింది. అది గేముల రాక్షసుని పాట అని అక్కడ ఎవరికీ తెల్వదు, తెల్వాల్సిన పని కూడ లేదు. డీజే అన్న బండి మీద నుంచి నన్ను చూసి తలకాయ ఊపిండు. నేను కూడ ఊపిన.

పాటను గ్రూపుల పెట్టినంక మాకూ అభిప్రాయాలు వచ్చినయి. ఇది ఇగ గేము పాట కాదు, పెండ్లి పాట అయిపోయింది అని ఒకరు. నేను ఒప్పుకోలే, ఎందుకు కాదో రాసిన. ఆఖరి ముక్క సాగింది అని ఇంకొకరు. అది నిజం, కోసేసినం. మామకు ఆ మెసేజులన్ని చదివి వినిపించిన. మేక సంగతి ఎవరు రాయలేదా అని అడిగిండు.

డీజే అన్న ఇప్పుడు నాకంటె ఎక్కువ రాస్తడు. ఎవరి పాట వచ్చినా పెద్ద బాక్సుల మీద పెట్టి విని, ఎక్కడ బేసు చెదిరిందో, ఎక్కడ గొంతు ఇరుక్కుందో చెప్తడు. మొన్న నేను అదే గేముల ఎడారి పాట కట్టి, గ్రూపుల పెట్టకముందు ఆయనకు పంపిన. ఒక్క కీబోర్డు, దాని ఎనక సన్నగ గాలి సప్పుడు, అంతే. ఆయన విని, అక్కా, ఇది మరీ ఒట్టిగ ఉన్నది, రెండో నిమిషంల ఏదన్న ఏయి, వినేటోడు లేచి పోతడు అని రాసిండు. నేను మళ్ల విన్న, మిద్దె మీద, పొయ్యి కాడ. మంచిగ విని, మనసు పెట్టి చెప్పిన మాటే అది. కాని ఎడారి అన్నంక ఒట్టిగనే ఉంటది. ఏం మార్చకుండ అట్లనే పెట్టిన.