కూడి సగం

మూలముక్క నువ్వుంచుకో అమ్మాయ్ అని బావగారు జగ్గారావు అన్నప్పుడే కాంతానికి అనుమానం వచ్చింది. వాటాల దగ్గర అడక్కుండా ఇచ్చేవాళ్లు ఉంటారా?

రాజోలు కాలువ పక్కనున్న ఆ కొబ్బరితోట అన్నదమ్ములిద్దరిదీ. తమ్ముడు సూరిబాబు, అంటే కాంతం భర్త, పోయి ఎనిమిది నెలలైంది. తోటలో ఒక ముక్క పలకలా ఉంటుంది. ముప్పై అయిదు గజాల పొడవు, ఇరవై అయిదు వెడల్పు. దాన్ని ఆనుకుని కాలువ మలుపులో మూడు మూలల ముక్క. దాని పక్కలు ముప్పై, నలభై, యాభై. రెండూ ఎనిమిది వందల డెబ్బై అయిదు గజాలేనని, మూలముక్కలో తమ్ముడు వేసిన చెట్లున్నాయి గనక అది ఆమెకే ఉండాలని జగ్గారావు చెప్పాడు. ఆమె ఆయ్ అని ఇంటికి వచ్చేసింది.

వచ్చాక ఒక్కొక్కటే గుర్తొచ్చింది. సర్వేయరును ఎందుకు పిలవలేదు? దినాలు కాకుండానే సూరిబాబు కాగితాల పెట్టె బావగారు ఎందుకు తెరిచాడు?

పదో తరగతి చదువుతున్న కూతురు కృష్ణవేణిని లెక్క చూడమంది. కాంతం చదువు నాలుగుతో ఆగిపోయింది. తెలియనిదానికి ఎక్స్ అని పేరు పెట్టే ఆ లెక్కల మీదా ఆమెకు నమ్మకం లేదు.

"ముప్పైని ముప్పైతో హెచ్చిస్తే తొమ్మిది వందలు. నలభైని నలభైతో అయితే పదహారు వందలు. రెండూ కలిపితే రెండువేల అయిదు వందలు. యాభైని యాభైతో హెచ్చించినా అంతేనమ్మా. అంటే ముప్పై, నలభై కలిసే మూల తలుపు మూలలా తిన్నగా ఉన్నట్టు. అప్పుడు ఆ రెండూ హెచ్చించి సగం చెయ్యాలి. ఆరు వందలే వస్తుంది."

కాంతం నమ్మలేదు. పొద్దున్నే వాకిట్లో ముగ్గుపిండితో అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు గళ్లు గీసింది. గడికి పది గజాల చొప్పున పన్నెండు గళ్లు. మూల నుంచి మూలకు గీత లాగింది. ఇటెంతో అటూ అంతే. ఆరు గళ్లు, గడికి వంద గజాలు. ఆరు వందలే. రెండు వందల డెబ్బై అయిదు గజాలు తక్కువ.

చేతులు కడుక్కోకుండానే బావగారి ఇంటికి నడిచింది. జగ్గారావు అంతా విన్నాడు. లోపలికెళ్లి ఒక కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పెట్టెలోంచి తీసింది అదే. సూరిబాబు దస్తూరీ. రెండు పక్కలు కూడి సగం, మూడో పక్కలో సగం, ఆ రెండూ హెచ్చించి ఎనిమిది వందల డెబ్బై అయిదు. గజానికో ముడి వేసిన తాడు పట్టుకుని ఊరందరి చేలూ అతను అలాగే కొలిచేవాడు. అతని కొలతకు ఎవరూ ఎదురు చెప్పలేదు.

తోడికోడలు సత్యనారాయణమ్మ గుమ్మంలోంచి అంది. "మా మరిదికి రాని లెక్క మీ పిల్లకొచ్చేసిందన్నమాట."

"సూరిబాబు కొలతమ్మా ఇది," అన్నాడు జగ్గారావు. "తప్పంటావా?"

కాంతం ఆ అంకెల వైపు చూసింది. ఊరుకుంటే భర్త మాట నిలుస్తుంది, పిల్ల నేల పోతుంది.

"ఆయన తాడు తప్పు కాదండీ బావగారూ," అంది. "లెక్క తప్పండి."

ఈసారి అనుమానం జగ్గారావుకు వచ్చింది. పిల్లకెవరు నేర్పించేరని అడిగాడు. కాంతం వెంట వచ్చి, ఆమె వాకిట్లో గొంతుక్కూర్చుని ముగ్గు గళ్లు వేలితో రెండుసార్లు లెక్కపెట్టాడు. గీతకు తెగిన గళ్లను ఒకదానితో ఒకటి జతచేసి చూశాడు. తర్వాత కృష్ణవేణిని పిలిచాడు.

"ఎంత జరపాలో చెప్పవే."

తేడాలో సగం నూట ముప్పై ఏడున్నర అంది పిల్ల. జరపాల్సిన వెడల్పు ఎక్స్ అనుకుంటే, హద్దు పలకముక్క వెడల్పు వెంట, ఇరవై అయిదు గజాల మేర ఉంది గనక, ఇరవై అయిదు ఎక్స్‌లు నూట ముప్పై ఏడున్నర. ఎక్స్ అంటే అయిదున్నర గజాలు.

తోటలో హద్దు మేకు జగ్గారావే పీకాడు. కాంతం ఇంట్లోంచి సూరిబాబు తాడు తెచ్చింది. రెండో కొస పట్టుకుంటానని తోడికోడలు చెయ్యి చాస్తే ఇవ్వలేదు. కూతురికిచ్చి, తను వంగి, ఆయన వేసిన ముడులు ఒక్కొక్కటే తడిమి లెక్కపెట్టుకుంది. అయిదు ముడులు, ఆపైన సగం.