తాత మాటలు తెచ్చెటాయన

బాపు పోయిన ఏడు పెత్రమాస నాడు అయ్యగారు మా ఇంటికొచ్చి, చచ్చిపోయిన పెద్దలకు బియ్యమియ్యాలె, మూడు తరాల పేర్లు చెప్పమన్నడు. వాకిట్ల ఆడపిల్లలు బతుకమ్మకు తంగేడు పూలు తెంపుకొచ్చి కుప్ప పోస్తున్నరు. బాపు పేరు చెప్పిన. "మీ తాత పేరు?" అన్నడు. చెప్పబోతుంటే వెనుక నుంచి అమ్మ "ఆగు బిడ్డా" అన్నది.

అయ్యగారు చేతిల దర్భ పట్టుకొని అట్లనే కూసున్నడు.

"మీ నాయినమ్మ బతికున్నన్ని రోజులు ఆ పేరు మీద బియ్యమియ్యనియ్యలె. ఆమె మాట మీద మీ బాపు గూడ ఇయ్యలె. నువ్వెట్ల ఇస్తవు?" అన్నది అమ్మ.

నిజమే. మా తాత చచ్చిపోయిండని మా ఇంట్ల ఎవ్వరూ ఎన్నడూ అనలె. సంఘం రోజులల్ల, ఇరవై రెండేండ్ల వయసుల, ఊరోళ్లతోటి కలిసి దొర గడీ మీదికి పోయిండు. తర్వాత తుపాకి పట్టి దళంతోటి అడవికి పోయిండు. అప్పటికి బాపు ఇంకా నాయినమ్మ కడుపుల ఉన్నడు. తాత మళ్ల ఇంటికి రాలె. నాయినమ్మ మాత్రం కాలం చేసిన రోజు దాకా బొట్టు తియ్యలె, గాజులు తియ్యలె. తాత ఫోటో ఒక్కటి గూడ లేదు. ఆయన గురించి ఆమె నాకు చెప్పినవి రెండే ముచ్చట్లు. ఒకటి, ఆయనకు నోరు ఊకోదు, చెట్టుతోటి గూడ మాట్లాడుతడు. రెండు, ప్రతి మాట చివర "ఇన్నవా లేదా" అంటడు.

నేను జనగామల సర్కారు బడిల సోషల్ చెప్త. నిజాం మీద జరిగిన పోరాటం పాఠం ఏటా చెప్త. తేదీలు, కారణాలు, ఫలితాలు బోర్డు మీద రాస్త. నా సొంత తాత బతికిండో చచ్చిండో మాత్రం ఆ రోజు అయ్యగారికి చెప్పలేకపోయిన. బాపుకు ఒక్కనికే బియ్యమిచ్చి పంపిచ్చినం.

ఈ సంగతి బడిల చెప్తే, మా లెక్కల సారు అన్నం తినుడు ఆపి నా మొకం చూసిండు. ఆయనది కొత్తగూడ దిక్కు. "మా ఊరి అడవిల ఒక రాయి ఉన్నది సార్. మా చిన్నప్పటి నుంచి దాన్ని జనగామన్న రాయి అంటరు. ఎందుకంటరో నాకైతే తెల్వది" అన్నడు.

దసరా సెలవులల్ల ఇద్దరం రైలెక్కి మహబూబాబాద్ల దిగినం. అక్కడి నుంచి ఆయన బండి మీద కొత్తగూడ దాటి, తారు రోడ్డు ఆగిపోయిన చోట దిగి, పోడు చేన్ల నడుమ నుంచి నడిచినం. మిట్టమధ్యాహ్నం. మక్క కంకులు ఎండి గలగలమంటున్నయి. అడవిల అడుగు పెట్టంగనే ఆ సప్పుడు గూడ ఆగింది. ఒక పెద్ద బండ, దాని కింద మనుషులు వంగి పోయేటంత సందు. సందుకు ఎదురుంగ, ఇప్పచెట్టు కింద, మోకాలెత్తు రాయి. రాయి చుట్టు గడ్డి చెక్కి, ఊడ్చి, నున్నగ అలికి ఉన్నది.

ఆ రాయి కాడ మా కోసం ఒక ముసలాయన కూసొని ఉన్నడు. తొంభైకి దగ్గర పడ్డ కోయ మనిషి. చిన్నప్పుడు ఆ బండ కింద దాక్కున్న దళపోళ్లకు అంబలి మోసుకపోయింది ఆయనేనని సారు ఊళ్లె అడిగి తెలుసుకొని ముందే చెప్పిండు. ఆయన నన్ను పైకి కిందికి చూసి, రాయి దిక్కు చెయ్యి చూపెట్టిండు.

"ఈయన ముక్కు నీకొచ్చింది" అన్నడు.

మెల్లగ ఆయన పక్కన కూసున్న.

"ఇద్దరుండిరి బిడ్డా. వానకాలమంత ఈ బండ కిందనే. కిందికి దిగితే మిలిటరీ. ఒకాయన జనగామ దిక్కు మనిషి, పొద్దందాక మాట్లాడుతుండె. ఊరి ముచ్చట్లు, ఇంటి ముచ్చట్లు, పెండ్లాం ముచ్చట్లు. ఇంకొకాయన నోరు తెరవకపోవు. ఏదన్న అడిగితే తల ఊపుడే. వినుడు మాత్రం కండ్లు ఇంతింత చేసుకొని వినేది."

"తర్వాత?"

"చలిజరం వచ్చింది. మాట్లాడెటాయనకే వచ్చింది. మా నాయిన ఆకు పసరు పోసిండు, ఆగలె. ఆరు రోజులల్ల పాణం పోయింది. ఈడనే బొంద పెట్టినం." ఆయన రాయి కింది మట్టిని అరచేత్తోని సాపు చేసిండు. "తెల్లారి నేను అంబలి తెచ్చిన. ఇగ ఒక్కడే గదా, సప్పుడుండదనుకున్న. బండ దగ్గరికి రాంగనే మాటలు ఇనవడ్డయి. గదే గొంతు. గట్లనే నవ్వుడు. కుండ ఇడిచిపెట్టి ఉరికిన. మా నాయిన వచ్చి చూస్తే, నోరు తెరవనాయన కూసొని మాట్లాడుతుండు. చచ్చిపోయినాయన లెక్కనే మాట్లాడుతుండు."

"ఏం మాట్లాడిండు తాతా?"

"అన్ని. గవే ముచ్చట్లు. మాట మాటకు 'ఇన్నవా లేదా' అనుకుంట. మా నాయిన ఆయన్ను ఆయన పేరు పెట్టి పిలిస్తే పలుకలె. చచ్చిపోయినాయన పేరు పెట్టి పిలిస్తే పలికిండు."

ఇప్పచెట్టు మీద ఒక్క ఆకు గూడ కదులుతలేదు. మా సారు లేచి దూరం పోయి నిలబడ్డడు.

మౌనంగ ఉండెటాయన అసలు పేరేందని అడిగిన. ముసలాయన శాన సేపు యాది చేసుకున్నడు, దొరకలె. ఆ మనిషి కొన్నాళ్లకు భూపాలపల్లి దిక్కు పోయి అక్కడనే బతికిండట. ప్రతి ఏడు వచ్చి రాయి చుట్టు గడ్డి చెక్కి పోతుండెనట. ఆయన పోయినంక ఆయన కొడుకు వస్తుండట. కొడుకు ఫోన్ నంబరు ముసలాయన కోడలు దగ్గర ఉన్నది. "ఇది మా బాపు దోస్తు రాయి అంటడు. పాపం, ఆయనకేం తెల్వది" అన్నడు ముసలాయన.

వారం తర్వాత ఆ కొడుకును కలువనీకే నేనొక్కన్నే భూపాలపల్లి దగ్గర చెల్పూర్ పోయిన. థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు బస్సులకెల్లి శాన దూరం నుంచే కనపడతయి. ఆ ఇంటి గోడల మీద, జామ ఆకుల మీద సన్నటి బూడిద. తలుపు తీసినాయనకు అరవై దాటినయి, ప్లాంటుల పని చేసి రిటైరయిండు. నా ఊరి పేరు చెప్పంగనే నా రెండు చేతులు పట్టుకున్నడు.

"మా బాపుది అదే ఊరు తమ్మీ! మీదేం ఇల్లు? మాది తూర్పు వాకిలి, ఐదు మెట్లు, బాయి గిలక ఎడమ దిక్కు. ఇన్నవా లేదా? వంటింట్ల చిన్న కిటికీ, దాంట్లకెల్లి గుట్ట కనపడతది. ఇన్నవా లేదా?"

ఆయన చెప్తున్నది మా ఇల్లు. ఆ కిటికీ నేను పుట్టకముందే మూసేసిండ్రు, గోడ మీద దాని గుర్తు మాత్రమే నేను చూసిన. గోడకు ఆయన బాపు ఫోటో ఉన్నది. పూలదండ కింద మా ఇంటిపేరు, మా తాత పేరు రాసి ఉన్నయి. ఆ ముక్కు మా ముక్కు గాదు. నా తాత రక్తం పంచుకున్న నేను ఎన్నడూ అనని మాటను, ఆయనకు ఏమీ గాని మనిషి కొడుకు నా ముందల కూసొని అంటనే ఉన్నడు.

ఆ రోజు నేను ఏం చెప్పలేకపోయిన. "మనం ఒక్క ఇంటోళ్లమే కావొచ్చు తమ్మీ" అనుకుంట ఆయన నాకు అన్నం పెట్టిండు. ఫోటోను ఫోన్ల తీసుకొని వచ్చేసిన.

ఇంటికొచ్చి ఫోటో అమ్మకు చూపెట్టిన. ఆమె పప్పు ఏరుతుండె. ఫోన్ చేతుల పట్టుకొని, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"ఈయన మనింటికి వస్తుండె" అన్నది.

"ఎవరి కోసం?"

"మీ నాయినమ్మ కోసం. ఏడాదికొక్కసారి. మీ బాపు పొలం కాడ ఉన్నప్పుడు, పగటి పూట. మెట్ల మీద కూసొని మాట్లాడుతుండె. అత్త ఆయన మొకం చూడకుంట గోడ దిక్కు తిరిగి కూసుంటుండె. కండ్లు మూసుకొని వింటుండె. ఎవరత్తా అంటే, మీ మామనే అన్నది. ఎవరికీ చెప్పనని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నది. చెప్తే ఊరోళ్లు ఏమనుకుంటరు కొడుకా?"

"నాయినమ్మకు తెలుసా? ఆయన తాత గాదని?"

"తెల్వకేం. పాణం బాగలేనప్పుడు నాకు మొత్తం చెప్పింది. మొదటిసారి వాకిట్లకెల్లి మీ తాత గొంతు ఇనపడ్డదట. చంకల పిల్లగాన్ని ఎత్తుకొని ఉరికిందట. చూస్తే వేరే మొకం. ఆమె అరవబోతే, మీ తాత ఆమెను ఒక్కతున్నప్పుడు పిలిచే పేరు పెట్టి పిలిచిండట. 'పోయినోడు పోయిండు. ఆయన మాటలు తెచ్చెటోడు ఉన్నడు గదనే, ఇంక బియ్యం ఎందుకియ్యాలె' అన్నది అత్త."

అమ్మ పప్పు చాట పక్కకు పెట్టింది. నాయినమ్మ పోయిన ఏడు గూడ ఆయన వచ్చిండని చెప్పింది. మెట్ల మీద కూసొని మాట మొదలు పెట్టిండట. "అత్త లేదు, పోయింది" అని అమ్మ చెప్తే, నోరు అట్లనే తెరిచి ఉండిపోయిండట. ఒక్క మాట గూడ పూర్తి చెయ్యకుంట లేచి పోయిండట.

"వచ్చే పెత్రమాసకు మీ తాతకు ఇద్దాం బిడ్డా" అన్నది అమ్మ. ఇచ్చినం గూడ.

చెల్పూర్ అన్నకు మాత్రం ఎట్ల చెప్పాలె? నెల రోజులు పరేషాన్ అయిన. తెల్వకుంట ఉంటేనే మంచిదని ఒక రోజు, చెప్పకపోతే దొంగతనమని ఒక రోజు. ఆఖరుకు పోయి, ఎదురుంగ కూసొని, కొత్తగూడ ముసలాయన చెప్పింది, అమ్మ చెప్పింది, ఏదీ దాచకుంట చెప్పిన. తిడుతడనుకున్న. ఆయన బాపు ఫోటో దిక్కు చూసుకుంట కూసున్నడు.

"ఒక ఏడు మా బాపు మీ ఊరు పోయొచ్చినంక మాటలు తక్కువ చేసిండు తమ్మీ" అన్నడు. "ఆ ఎండకాలమే దవాఖానల పడ్డడు. ఆఖరు మూడు రోజులు వేరే గొంతుతోని మాట్లాడిండు. సన్నటి గొంతు. నాలుక తిరగకపోవు, ఒక్కొక్క మాటకు తన్లాడుతుండె. పెద్ద వయసు, సోయి తప్పిందనుకున్నం. వంగర పోవాలె, వంగర పోవాలె అన్నడు. ఒక ఆడమనిషి పేరు పెట్టి చెల్లే, చెల్లే అని పిలిచిండు. నేను మంచం పక్కనుండి బాపూ అంటే, నన్ను ఎవరని అడిగిండు."

ఆయన లేచి మంచినీళ్లు తాగొచ్చిండు. "అదేనా తమ్మీ మా బాపు సొంత గొంతు?"

"వంగరకే పోయి అడుగుదాం" అని చెప్పిన.

వంగర అంటే పెద్దవంగరనే కావాలనిపించింది. ఇద్దరం ఆదివారాలు ఆ మండలం తిరిగినం. అంగట్ల, హోటల్ల, పంచాయితీ ఆఫీసు అరుగు మీద, కనపడ్డ ముసలోళ్లందరినీ అడిగినం. ఫలానా పేరు చెల్లె, దళంల కలిసి పోయిన అన్న. మూడో ఆదివారం ఒక పత్తి చేను కాడ ఒకామె, "మా అత్తమ్మ పేరదే, ఆమెకు అన్న ఉండెనట" అని ఇంటికి తోల్కపోయింది.

ముసలామె నులక మంచం మీద ముడుచుకొని కూసున్నది. చెల్పూర్ అన్న ఆమె ముందల గొంతుక్కూసొని మొదలు పెట్టిండు. బాపు ఎట్ల బతికిండు, ఎట్ల చదివిచ్చిండు, ఎట్ల పోయిండు. మాట మాటకు "ఇన్నవా లేదా అవ్వా" అంటుండు. ఆమె శాన సేపు విని తల అడ్డంగ ఊపింది.

"మా అన్న గాదు బిడ్డా. మా అన్నకు నత్తి. నా పేరు పిలువనీకే అరగంట పట్టేది. ఊళ్లె అందరు ఎక్కిరిస్తుండిరని మాట్లాడుడే బంజేసిండు."

అన్న నా దిక్కు చూసిండు. నాకు కొత్తగూడ బండ కింద కండ్లు పెద్దగ చేసుకొని వినుకుంట కూసున్న మనిషి, నేను ఎన్నడూ చూడని ఆ మనిషి, ఎదురుంగ కనపడ్డట్టయింది. ఇంకొకని గొంతుల ఆయనకు మాట అడ్డం పడలె. ఆ గొంతుతోనే పెండ్లి చేసుకున్నడు, పిల్లలను పెంచిండు, మా నాయినమ్మ ఇంటి మెట్ల మీద కూసొని మాట్లాడిండు.

ముసలామె మంచం మీదకెల్లి ముందుకు వంగింది. ఆమె కండ్లకు పొర కమ్మి ఉన్నది. రెండు చేతులతోని అన్న మొకం పట్టుకొని తడిమింది. నొసలు, చెవులు, దవడ ఎముక. అన్న ఏదో అనబోయిండు.

"జర సేపు మాట్లాడకు" అన్నది ఆమె.

అన్న నోరు మూసుకున్నడు. ఆమె వేళ్లు ఆయన పెదవుల మీద ఆగినయి.

"గిప్పుడు మా అన్నే" అన్నది. తర్వాత ఆయన చెవి దగ్గరికి వంగి, తన అన్న పేరు చెప్పింది.