ధరూరు బాటలో విరిగిన చెయ్యి

నాకు ఆరేళ్ళప్పుడు అమ్మవారు పోసి చూపు పోయింది. నాన్న లేడు. మా అన్నే నన్ను భుజాన వేసుకొని ధరూరు బడికి తీసుకెళ్ళేవాడు. గోడవారగా కూర్చుని విన్నదంతా అప్పజెప్పేవాణ్ణి. అలా వింటూ వింటూనే హైదరాబాదులో విశ్వవిద్యాలయం దాకా వెళ్ళాను. అక్కడ పాఠాలన్నీ ఉర్దూలో. వాటిని చదివి వినిపించింది నా తరగతి స్నేహితుడే, గద్వాలలో చెప్పుల దుకాణం నడిపే సాయిబు కొడుకు. పరీక్షలో నేను చెబితే రాయడానికి కింది తరగతి విద్యార్థిని ఇవ్వాలని మా చరిత్ర ప్రొఫెసరు పైవాళ్ళతో పోట్లాడి ఒప్పించాడు.

ఆఖరి పరీక్షలకు ముందు సెలవులకు ఇంటికి వచ్చాను. గుడ్డి తమ్ముణ్ణి అడుక్కోవడానికి పట్నం పంపాడని కల్లు దుకాణంలో ఎవరో అన్నను మొహం మీదే అన్నారట. ఇంటికి వస్తూనే నా పెట్టె తీసి వాకిట్లోకి విసిరికొట్టాడు.

"ఇగ పట్నం లేదు, గిట్నం లేదు. ఇంట్ల పడుండు."

"పరీక్ష రాసొస్తనే అన్నా."

"గుడ్డోనికి పరీక్షేందిరా?"

చెంప పగిలింది. చూపున్నవాడు దెబ్బ వచ్చేలోపు మొహమైనా తిప్పుకుంటాడు. నాకు అదీ లేదు. గడప మీద పడితే పెదవి చిట్లింది. కాలర్ పట్టి ఈడ్చుకెళ్ళి గడ్డి కొట్టంలో వేసి గొళ్ళెం పెట్టాడు.

అనుకున్న రోజున నేను గద్వాల స్టేషనుకు రాకపోయేసరికి నా స్నేహితుడు ఎడ్లబండి కట్టించుకొని ఊళ్ళోకి వచ్చాడు. అన్న చేనికి పోయి ఉన్నాడు. అమ్మ గొళ్ళెం తీసింది. బండి ఊరు దాటిందో లేదో, వెనక పరుగులు వినిపించాయి. ఎడ్లు ఆగిపోయాయి.

"దిగురా!" అన్న గొంతు.

"అన్నా, జర ఆగు. పరీక్షలైనంక నేనే తోల్కొస్త," అన్నాడు నా స్నేహితుడు.

"మా ఇంటి సంగతి నీకేందిరా?"

కర్ర గాలిని కోసిన చప్పుడు. తర్వాత ఎండుకొమ్మ విరిగినట్టు ఇంకో చప్పుడు. నా స్నేహితుడు కేక వేయలేదు, ఊపిరి మాత్రం లోపలికి పీల్చుకున్నాడు. నేను ఆ వైపు దూకాను. చేతికి దొరికిన మణికట్టు పొగాకు వాసన వేసింది. అది అన్నదే. పళ్ళు దింపాను. నోట్లోకి నెత్తురు వచ్చినా వదల్లేదు. ఆయన రెండో చేత్తో నా నెత్తి మీద గుద్దుతూనే ఉన్నాడు. చివరకు బండివాడు మధ్యలో దూరి ఇద్దరినీ చెరోవైపు తోశాడు.

"సంపుతవా ఏంది పోరగాండ్లను!" అని అరిచి, మమ్మల్ని బండిలో పడేసి ఎడ్లను అదిలించాడు.

గద్వాలలో వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టించారు. విరిగింది నా స్నేహితుడి కుడి చెయ్యి. అదే కట్టుతో రైలెక్కాడు. ఇప్పుడు తన పరీక్షకూ రాసేవాడు కావాలి. అనుమతి గుడ్డివాడికేనని ఆఫీసులో అడ్డం పడ్డారు. ప్రొఫెసరు బల్ల మీద గుద్ది, "రాయలేని చెయ్యి కనిపించడం లేదా?" అన్నాడు. ఒకే గదిలో చెరో మూలన కూర్చుని ఇద్దరం చెప్పాం.

మొదటి రోజు బయటికి వస్తూ వాడు గోడను తన్నాడు.

"అన్నీ తెలుసురా. నోటికాడికి వచ్చి ఆగిపోతున్నయ్. నువ్వెట్ల జేస్తవ్ గిట్ల?"

నేను పాసయ్యాను. వాడికి ఒక పేపరు పోయింది.

ఆ ఎండాకాలం నేను ధరూరు పోలేదు. గద్వాలలో వాళ్ళింట్లోనే ఉండి, తప్పిన పేపరు పాఠాలన్నీ వాడికి నోటితో అప్పజెప్పాను. వంకరగా అతికిన చేత్తో వాడు రాసుకునేవాడు. ఒక పొద్దున అన్న వాకిట్లోకి వచ్చి నా స్నేహితుడి తల్లిని పిలిచాడు.

"అమ్మ ఏడుస్తుంది. ఇంటికి రమ్మను."

నేను లోపలే ఉన్నాను. ఆమె కొడుకును వాకిట్లోకి లాక్కెళ్ళింది.

"ఇగో, నీ పని. మంచిగ జూడు."

తర్వాత అన్న చెప్పుల చప్పుడు వీధిలో దూరమైంది. నా స్నేహితుడు లోపలికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"కానియ్, పాఠంల ఎక్కడ ఆగినం?" అన్నాడు.