ఉల్టా కరెంటు

నిన్న రెజిమెంటల్ బజార్‌లో కంప్యూటర్‌కీ తెరకీ మధ్య తగిలించే వీడియో వైరు కొంటుంటే, "ఏదైతే ఏందమ్మా, అన్నీ ఒక్కటే" అన్నాడు కొట్టతను. ఒకటి కాదని నాకు తెలుసు. ఆ తెలివి నాది కాదు, అల్వాల్‌లో మా ఎదురింటి అక్కది. ఆవిడ సర్కారు బడిలో సైన్సు చెప్పేది.

ఏళ్ల కిందట మేం కాకినాడ వైపు నుంచి వచ్చి అక్కడ అద్దెకు దిగిన కొత్తలో మావారి ఉద్యోగం పోయింది. నేను ఒక స్టూడియో నుంచి పెళ్లి వీడియోలు తెచ్చుకుని, కత్తిరించి అతికేదాన్ని. ఇంట్లో పొయ్యి దానిమీదే వెలిగేది. అలాంటిది ఆ ఎండాకాలం కంప్యూటర్ లోపలి బోర్డు మాడిపోయింది. చూసినతను వోల్టేజీ అని తేల్చేశాడు. స్టూడియో ఆయన తన మిషను ఇస్తూ, "ఇది సుత కాలిందంటే ఇగ నీకు పని లేదమ్మా" అని మొహం మీదే చెప్పాడు. తెరా, వైరూ మాత్రం మా పాతవే తగిలించి, అప్పట్నుంచి దాన్ని చంటిపిల్లలా కాచుకున్నాను.

దసరా వచ్చింది. మా అత్తగారు ఆయుధపూజ అంటూ కత్తిపీటకీ మిక్సీకీ అయ్యాక కంప్యూటర్‌కీ బొట్టు పెడతానన్నారు. షాకు కొడుతుందేమోనని దాని ప్లగ్గు నేనే పీకేశాను. తెర ప్లగ్గు సంగతి ఎవరికీ తట్టలేదు. హారతి ఇస్తుంటే కంప్యూటర్ డబ్బా మీద ఎర్రదీపం మినుకుమినుకుమంటోంది! "కరెంటు లేకుండా వెలిగిందే! అమ్మవారు మన మొర ఆలకించిందే!" అని అత్తగారు లెంపలు వేసుకుని, నా చేతా వేయించారు. నాకూ కళ్లు చెమర్చాయి. కష్టంలో ఉన్నవాళ్లకి అమ్మవారు ఏ రూపంలో వచ్చినా కాదనబుద్ధి కాదు.

సరిగ్గా అప్పుడే, పెద్దావిడ చేతిలో జమ్మి పెట్టి దండం పెట్టుకుందామని అక్క వచ్చింది. "ప్లగ్గు పీకినంక గిది ఎట్ల వెలుగుతున్నది పెద్దమ్మా?" అంటూ వంగి, తెర వెనక వీడియో వైరు లాగేసింది. దీపం ఆరిపోయింది. పూజలో దీపం ఆర్పడమా! అత్తగారు హారతి పళ్లెం కింద పెట్టి అక్క మీదికి రాబోయారు.

"జెర ఆగుండ్రి. స్క్రీన్‌ల కరెంటు గీ వైరు పట్టుకొని ఉల్టా వస్తున్నది. బొమ్మ పోయే తొవ్వల కరెంటు పోతే బోర్డు కాలదా? మొదటిది గిట్లనే కాలినట్టున్నది" అంది అక్క.

మర్నాడు తనే వెంటబెట్టుకుని వెళ్లి, బొమ్మ తప్ప కరెంటు పోనివ్వని మంచి వైరు కొనిపించింది. మిషను నిలిచింది, నా పని నిలిచింది, మా ఇల్లు నిలిచింది. అత్తగారు మాత్రం "అమ్మవారు వెలిగించకపోతే ఆ పిల్ల కంటపడేదా?" అనేవారు. అదీ నిజమేనేమో, నాకు గొడవెందుకు. అక్కకి ఎన్నిసార్లు చేతులు జోడించినా, "ఏందీ, గింతదానికేనా!" అని నవ్వి కొట్టిపారేసేది.

పోయిన నెల ఆవిడ కూతురి పెళ్లి వీడియో నేనే చేశాను. అప్పగింతల దగ్గర జుట్టంతా నెరిసిన అక్క కళ్లు తుడుచుకుంటోంది. రోజుల తరబడి జరిగిన పెళ్లిని గంటలోకి కుదించడమే నా పని, అయినా అక్కడ చెయ్యి ఆడలేదు. ఆవిడ దగ్గర్నుంచి కాలం కోసుకుపోయింది చాలదా, మళ్లీ నేనూ కత్తిరించాలా అనిపించి, ఆ ముక్క అలాగే ఉంచేశాను.