దీపం పెట్టాక సూది

నేను కర్నూలులో డిగ్రీ చదివేటప్పుడు సమాజశాస్త్రం చెప్పే మేడమ్‌కు బస్సు కండక్టరంటే మహా ఇష్టం. అంతస్తు, పాత్ర అనే మాటలు రాగానే కండక్టరు హాజరు. "మనిషి దిగిపోతాడు. సంచీ, విజిల్ ఇంకొకరి చేతికి వస్తాయి. ఆ చోటు పేరు అంతస్తు. ఆ చోట్లో ఉన్న మనిషి ఎట్లా నడుచుకోవాలని నలుగురూ అనుకుంటారో, అది పాత్ర" అనేది. ప్రకార్యవాదులకు ఈ ఏర్పాటు ముచ్చటట, ఎవరు పోయినా పని ఆగదు కాబట్టి. సంఘర్షణవాదులేమో దానివల్ల ఎవరు బాగుపడ్డారని అడుగుతారట. నాకు రెండూ పరీక్షలో మార్కులు తెచ్చే మాటలే.

ఆ ఏడాదే నాయన పోయాడు. మాది ఆత్మకూరులో కిరాణా అంగడి. అన్న అప్పటికే డిప్లొమా ముగించి బెంగళూరులో పని చూసుకున్నాడు. "ఒక్క ఏడాది అంగట్లో కూచ్చోని, అంతా సర్దుకున్యాక పోతానే" అన్నాడు నాతో.

నాయనకు ఒక పట్టింపు ఉండేది. దీపాలు పెట్టాక సూది అమ్మితే లక్ష్మి పోతుందని. అన్నకు అది నవ్వులాట. నాయన వెనక్కి పంపినవాళ్లకు పెరటి వాకిట్లోంచి సూది ఇచ్చి, నాకేసి కన్నుగీటేవాడు.

మరుసటేడు సెలవులకు వచ్చాను. దీపాలు పెట్టిన కాసేపటికి పక్క వీధి ఆమె వచ్చింది. కూతురి లంగా చిరిగిందనీ, పొద్దున్నే బడికి పోవాలనీ, ఒక సూది కావాలనీ అడిగింది. కన్నుగీటుతాడని నేను ముందే నవ్వు సిద్ధం చేసుకున్నాను. అన్న చిన్నగా దగ్గాడు.

"దీపం పెట్టినాక సూది ఇయ్యగూడదమ్మా. పొద్దున్నే రా."

ఆ దగ్గు, మోకాలు మడిచి కూర్చున్న ఆ తీరు నాయనవి. ఆమె మాత్రం "సరేలే శెట్టీ" అని మామూలుగా వెళ్లిపోయింది. ఒకప్పుడు అన్నను "ఏం అబ్బీ" అని పిలిచిన మనిషే.

మేడమ్ చెప్పిన నలుగురూ వీళ్లే. అమ్మ అన్నకు అన్నం పెడుతున్నదీ నాయన కంచంలోనే. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. కోపం తీర్చుకుందామంటే ఒక్క మనిషి దొరకడు, అదీ నా కడుపుమంట.

"బెంగళూరికి ఎప్పుడు పోతాండావన్నా?" అని అడిగాను.

"సూస్తాంలే పాపా."

మేము ఏది అడిగినా నాయన ఇచ్చే జవాబు అది. కుదరదని దాని అర్థం. అన్న నన్ను పుట్టిన కాడినుంచీ "ఏమే" అనే పిలిచాడు. పాపా అన్నది నాయన ఒక్కడే.

లోపలికి పోయి, దండ వేసిన నాయన ఫోటో ముందు కూలబడి ఏడ్చాను. అమ్మ వచ్చి తల నిమిరింది. "పోయినోళ్ల కోసం ఎంతకని ఏడుస్తావు?" అంది. ఎవరి కోసం ఏడుస్తున్నానో ఆమెకు చెప్పలేకపోయాను. అంగట్లోంచి నాయన దగ్గు వినిపిస్తూనే ఉంది.