నాచారం నుంచి హన్మకొండకు, నలుగురు చుట్టాలతో

ఆదివారం ఉదయం ఆరున్నరకు నాచారంలోని మా ఇంటి నుంచి కారు బయలుదేరింది. స్టీరింగ్ దగ్గర అన్న, పక్కన అమ్మ, వెనక నేను. హన్మకొండలో ఉండే మా పెద్దమ్మకు పక్షవాతం వచ్చి నెల దాటింది. ఈమధ్య మాట కొద్దికొద్దిగా కూడుతోందని, చెల్లెల్ని అడుగుతోందని ఫోన్ వచ్చింది. డాక్టర్లు పెద్దగా ఆశ పెట్టలేదు. అమ్మకు ఒకటే కోరిక, ఒక పూటంతా అక్క మంచం పక్కన కూర్చోవాలని.

ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడవాళ్లకు టికెట్టు లేదు, ఉచితంగా పోవచ్చు. కానీ అమ్మ మోకాళ్లకు బస్సు మెట్లంటే భయం. ఈ పాత కారు కొన్నది అందుకే. కిస్తీ నా జీతంలోంచి పోతుంది, పెట్రోలు అన్న పోయిస్తాడు. పెట్రోలు తనది కాబట్టి పొదుపు కూడా తనదే. ఎండాకాలంలోనూ ఏసీ వెయ్యడు. దిగుడు కనిపిస్తే న్యూట్రల్‌లోకి తోసేస్తాడు. కారు కడగాలంటే బట్టలు జాడించిన నీళ్లే వాడాలి. ఇవన్నీ నేను డైరీలో రాసుకుని నవ్వుకున్నవే. ఆ రోజు చూసింది మాత్రం కొత్త.

ఉప్పల్‌లో వరంగల్ బస్సులు ఆగేచోట కారు పక్కకు తీసి, కిటికీలోంచి తల బయటపెట్టి, "హన్మకొండ, హన్మకొండ" అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ దారిన పోయేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. సీట్లు ఖాళీగా ఉన్న కార్లు అక్కడ ఆగుతాయి, బస్సు కోసం చూసీ చూసీ విసిగినవాళ్లు ఎక్కుతారు. మనిషికి రెండు వందల యాభై. సొంత కారులో ఇలా కిరాయికి ఎక్కించుకోకూడదు గనక, ఎక్కేముందే అందరికీ చుట్టరికాలు పంచుతారు.

బట్టల దుకాణంలో పనిచేసే ఒకాయన వచ్చాడు. "అన్నా, ఎవలన్న ఆపితే నువ్వు మా బావవు" అన్నాడు అన్న.

"బావనంటవ్, మల్ల బావ దగ్గర కిరాయి తీస్కుంటవా?"

"బావ దగ్గరనే ముందుగాల తీస్కోవాలె."

ఆయన నవ్వుతూ నా పక్కన కూర్చున్నాడు. నేను తలుపుకు ఒదిగిపోయాను. సంచిలో నవల ఉంది కానీ, పక్కన కొత్త మనిషి ఉంటే నేను పుస్తకం తెరవలేను. రెండో సీటు నిండేదాకా కారు కదలలేదు.

"పొద్దుగాల్నే ఎల్లినం గద బిడ్డా, ఇంక ఈడనే ఉన్నమేంది?" అంది అమ్మ.

"సీటు ఖాళీగ పోతె పెట్రోల్ ఎవలు పోస్తరమ్మా?"

చివరికి ఒడిలో బ్యాగు పెట్టుకున్న ఒక విద్యార్థి 'చిన్నమ్మ కొడుకు'గా ఎక్కాడు. అప్పటికి ముప్పావు గంట పోయింది. పీర్జాదిగూడలో సగం కట్టిన అపార్టుమెంట్లు, బీబీనగర్ టోల్‌గేటు, భువనగిరి బండ దాటి జనగామలో ఆగాం. ఇడ్లీ మెత్తగా, చట్నీ నీళ్లగా ఉంది. టీ బాగుంది. బావగారిని కాజీపేటలో ఇంటి సందు దాకా దించి రావడానికి ఇంకాస్త ఆలస్యమైంది. పెద్దమ్మ ఇల్లు చేరేసరికి పదకొండున్నర.

పెద్దమ్మ అమ్మను చూడగానే గుర్తుపట్టింది. ఒక్కో మాటను వెతుక్కుని, నోట్లో పెట్టుకుని, మెల్లగా బయటికి తీస్తోంది. చిన్నప్పుడు ఇద్దరూ చెరుకు తోటలో దారి తప్పిన సంగతి మొదలుపెట్టింది. "నువ్వు... ఏడ్సినవ్... నేను..." అని ఆగింది. అమ్మ ముందుకు వంగి, తొందర పెట్టకుండా కూర్చుంది. గది గుమ్మంలో నిలబడి నేను కూడా తరువాతి మాట కోసం చూస్తున్నాను.

బయట హారన్ మోగింది. భోజనం కాగానే చౌరస్తాకు వెళ్లిన అన్న, తిరుగు ప్రయాణానికి మనుషుల్ని తెచ్చేశాడు. రెండోసారి హారన్ కొట్టి, తలుపు దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఆళ్లు వేరే బండి సూస్కుంటమంటున్నరు. జర జల్ది."

"ఇంకొంచెం సేపు ఉందాం అన్నా" అన్నాను. నాకే సరిగా వినిపించలేదు.

పెద్దమ్మ చెయ్యి అమ్మ కొంగు మీద ఉంది. అమ్మ ఆ వేళ్లను ఒక్కొక్కటిగా తీసి, "మల్లొస్తనక్కా" అని లేచింది. అప్పుడు రెండున్నర కూడా కాలేదు.

ఎక్కినవాళ్లలో లావుపాటి మేస్త్రీ ఒకాయన, వెనక కూర్చుంటే వాంతులవుతాయని ముందు సీటు అడిగాడు. అమ్మ వెనక్కి వచ్చింది. మధ్యలో నేను, నా అటువైపు 'దోస్తు' పాత్ర దొరికిన ఒక కుర్రాడు. అమ్మ మోకాళ్లు ముందు సీటుకు ఆనుకున్నాయి. మేస్త్రీకి అన్న ఇచ్చిన వరస, పెద్దమ్మ కొడుకు. పెద్దమ్మకు కొడుకుల్లేరు.

ఘట్‌కేసర్ దగ్గర ఒక పోలీసు మా కారును ఆపాడు. అన్న వరసలన్నీ గడగడా అప్పజెప్పాడు. పోలీసు వెనక కిటికీ దగ్గరికి వచ్చి, మేస్త్రీని చూపిస్తూ, "ఏమ్మా, ఈయన నీకేమైతడు?" అన్నాడు.

"మా అక్క కొడుకు" అంది అమ్మ, ఒళ్లో చేతులు చూసుకుంటూ. "అక్కకు పానం మంచిగ లేకుంటె సూడవోయినం."

పోలీసు మేస్త్రీ వైపు తిరిగాడు. "ఎట్లున్నది మీ అమ్మకు?"

"మంచిగైంది సార్. లేసి తిరుగుతున్నది."

"తిరుగుతలేదు" అంది అమ్మ. "లేస్తలేదు. నాతోని మాట్లాడుకుంటనే ఉన్నది సార్, మాట మధ్యల నేనే లేసొచ్చిన." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పోలీసు ఒక అడుగు వెనక్కి వేసి, పొమ్మని చెయ్యి ఊపాడు.

కారు వేగం అందుకున్నాక అన్న అద్దంలోంచి చూశాడు. "అమ్మా, మస్తు జేసినవ్. నిజంగ ఏడ్సినట్టే ఉండె."

మేస్త్రీ గట్టిగా నవ్వాడు. అమ్మ ఉప్పల్ దాకా కిటికీ బయటే చూసింది.

ఆరు గంటలకు ఉప్పల్‌లో చుట్టాలు దిగిపోయారు. వాళ్లతోపాటు అమ్మ కూడా తలుపు తీసుకుని దిగింది.

"నువ్వెందుకు దిగుతున్నవ్?" అన్నాడు అన్న.

"నా సీటు గూడ ఎవలికన్న ఇయ్యి బిడ్డా. నాచారం దాక దొరుకుతరు."

నేనూ దిగాను. హన్మకొండ బస్సు ఎక్కడ ఆగుతుందని అమ్మ నన్ను అడిగింది. ఎదురుగా అదే బస్సు ఒకటి నిలబడి ఉంది, ఇంకా నిండలేదు. అమ్మ దాని దగ్గరికి నడిచి, కడ్డీ పట్టుకుని, మొదటి మెట్టు మీద కాలు పెట్టి చూసింది. పళ్లు బిగించి రెండో కాలు కూడా పైకి లాగింది. మళ్లీ దిగి, "వచ్చే ఆదివారం దీంట్లనే పోదాం. నువ్వొస్తవా?" అంది.

వస్తానన్నాను. ఈసారి బయటికే వినిపించింది.

ఉప్పల్‌లో పిలిచే కార్లలో హన్మకొండకు మూడు గంటలే. కిరాయీ ఎక్కువేం కాదు. మీరు ఎక్కితే ఎక్కండి. కానీ బండివాడి ఇంటివాళ్లు లోపల ఉంటే, వాళ్లు ఎక్కడికి పోతున్నారో ఒకసారి అడగండి. మమ్మల్ని ఆ రోజు ఎక్కినవాళ్లెవరూ అడగలేదు.

వెనక అన్న హారన్ కొడుతున్నాడు. అమ్మ తిరిగి చూడలేదు.